కరకట్ట మీద ఎర్ర బొట్టు

రోహిణి కార్తె, చివర

ఇవాళ మూడో తూము దగ్గర కావలిగాడొకడు నా మీదకి దిగాడు. రెండు తూటాలు గాలికి సమర్పించుకున్నాను. మూడోది తగిలింది గానీ వాడి కంటికి కాదు, రెక్కకి. పక్కకి ఒరిగి కాలవలో పడ్డాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ ముక్కలు రాయడానికి నేనుండేదాన్ని కాదు.

రోళ్ళు పగిలే ఎండలంటారు ఈ కార్తెని. ఎండ తాగి బతికే యంత్రాలు కదా, కావలిగాళ్ళకి ఇది పండగ. మా తాతల కాలంలో ఎవరో కంపెనీ వాళ్ళు చేలకి కాపలాగా ఎగరేసి పోయారు. కంపెనీ లేదు, దాని చేలు సగం సముద్రం కిందకి పోయాయి, వీళ్ళు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. మెడలో కంపెనీ బిళ్ళ లేని మనిషి వాళ్ళ లెక్కలో దొంగ. బిళ్ళలిచ్చే వాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు దివిసీమలో అందరం దొంగలమే. కంచే చేను మేసిందని విన్నాం గానీ, ఇక్కడ కంచె రైతు వెంట పడుతోంది.

నేను లస్కరుని. పోటు ఎక్కేలోగా కరకట్ట మీద నడుచుకుంటూ పోయి ఒక్కో తూము తలుపూ దించాలి, నీరు తీశాక లేపాలి. ఆలస్యమైతే ఉప్పునీరు చేలోకి ఎక్కుతుంది. ఒకసారి ఉప్పు తాగిన చేను మళ్ళీ గింజ పెట్టడానికి ఏళ్ళు పడుతుంది. తలుపు చక్రం తిప్పడానికి రెండు చేతులూ కావాలి. భుజాన పొడుగు తుపాకి వేలాడుతుంటే ఆ పని కాదు. అందుకే లస్కరన్నవాళ్ళ నడుముకి పిస్తోలు ఉంటుంది, స్నానానికి తప్ప దాన్ని విప్పం.

ఇవాళ గురి తప్పడానికి కారణం చెయ్యి కాదు, కన్ను. దూరాన ఉన్న కావలిగాడు శుభ్రంగా కనిపించాడు. పిస్తోలు కొసనున్న గురిముక్క మాత్రం దూది చుట్టినట్టు మసక. అది కనబడాలని కళ్ళజోడు పెడితే కావలిగాడు మసకబారతాడు. చత్వారం. ముందు నుయ్యి వెనక గొయ్యి.

పుబ్బ కార్తెలో గురిపరీక్ష ఉంది. తప్పితే పిస్తోలు పెద్ద లస్కరుకి అప్పజెప్పాలి, కట్ట ఇంకొకరికి పోతుంది. నాకు భయంగా ఉంది. ఇంట్లో కూర్చుని చేపలు ఎండబెట్టడం కూడా పనే, కాదనను. కానీ ఈ కట్టంటే నాకు ప్రాణం. ఇది లేకుండా పొద్దున్నే లేచి ఎటు నడవాలో కూడా నాకు తెలీదు.

మృగశిర కార్తె, మొదటి వాన

తుపాకులు మరమ్మతు చేసే మస్తాన్‌వలి కొట్టుకి పోయాను. వాడు నాకు చుట్టం కాదు. చిన్నప్పటి నుంచీ అక్కా అంటాడు, కాబట్టి తమ్ముడే. నా గోడు విని లోపలికి పోయి ఒక వస్తువు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. బొటనవేలి గోరంత అద్దం, దానికో ఇనప చట్రం. ఎగువ నుంచి వచ్చిన పడవల వాళ్ళ దగ్గర పాత సామానులో దొరికిందట. దాని దీపం చచ్చిపోతే, కూలిన కావలిగాడి లోంచి దీపపు గింజనీ ఎండ పట్టీనీ పీకి దీనికి తగిలించాడు. ముల్లుని ముల్లుతోనే తియ్యాలని వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

"అక్కా, నువ్వు చూడాల్సింది తుపాకిని కాదు," అన్నాడు.

"మరి?"

"కావలిగాణ్ణి. వాణ్ణే చూడు. తుపాకి సంగతి ఇది చూసుకుంటది."

నా పిస్తోలు మీద బిగించి ఇచ్చాడు. ఎదురింటి చూరుకి వేలాడుతున్న సొరబుర్రని చూశాను. అద్దంలో ఎర్ర బొట్టొకటి వెలిగి, ఆ బుర్ర మీద కూర్చుంది. బుర్ర ఎంత స్పష్టంగా ఉందో బొట్టూ అంతే స్పష్టంగా ఉంది. మసక లేదు. తల కొంచెం పక్కకి జరిపి చూశాను, బొట్టు అద్దంలో జరిగింది గానీ బుర్రని వదల్లేదు. ఇంతకాలం వెనక గురిముక్క, ముందు గురిముక్క, కావలిగాడి కన్ను, మూడింటినీ ఒక గీత మీదకి తేవడానికి నేను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో, వాడి కడుపు చల్లగుండ.

"నీకు గుండ్రంగా అవుపడతందా?" అని అడిగాడు మస్తాను.

"గుండ్రంగానే ఉందిరా."

"అదృష్టవంతురాలివి. నా కంట్లో ఏదో వంకర ఉంది. నాకు చిట్లిన దానిమ్మ గింజలాగా ఉంటది."

తర్వాత పిస్తోలుని ఇసక బస్తా మీద ఆనించి, రెండు చిన్న మరలు అటూ ఇటూ తిప్పుతూ, బొట్టుకీ తూటా తగిలిన చోటుకీ పొత్తు కుదిరేదాకా కాల్చాం. పాత గురిముక్కలు తియ్యనన్నాడు. దీపం ఆరిన రోజు అవే దిక్కు అన్నాడు. ఒర పైభాగం కోసి, ముందు వైపు కూడా కొంచెం తెరిచి, అద్దానికి చోటు చేశాడు.

ఆరుద్ర కార్తె

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. కురుస్తూనే ఉంది. నా దరిద్రం మాత్రం తీరలేదు.

ఒరలోంచి పిస్తోలు తీస్తాను, ఎత్తుతాను, అద్దంలో బొట్టుండదు. మణికట్టు పైకంటాను, కిందకంటాను. ఎక్కడో అంచున మెరిసి మాయమవుతుంది. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతికినట్టుంది నా పని. నేను వెతికేలోగా కావలిగాడు వచ్చి పొడిచిపోతాడు.

ఇంట్లో ఖాళీ పిస్తోలుతో సాధన చేస్తున్నాను. గట్టు మీది ఉప్పుజాడీ నా శత్రువు. మా ఆయన పోతురాజు అన్నం తింటూ చూసి చూసి, "ఆ జాడీ నీకేం ద్రోహం చేసిందే?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకుండా తిను."

"తింటన్నా. ఇదుగో, కళ్ళు నీ మీద పెట్టి తింటన్నా. ముద్ద చెవిలోకి పోయిందా? నోరు ఎక్కడుందో ఎతుక్కున్నానా?"

వేళాకోళానికే అన్నాడు. కానీ నా చెయ్యి ఆగిపోయింది. నేను బొట్టుని వెతుకుతున్నాను. అదే తప్పు. జాడీ మూతనే చూస్తూ, చూపు కదపకుండా, పిస్తోలుని తెచ్చి ఆ చూపు దారిలో పెట్టాను. బొట్టు మూత మీద ఉంది. దించి మళ్ళీ ఎత్తాను, మళ్ళీ ఉంది. ఆ సంతోషంలో మా ఆయనకి ఇంకో చేపముక్క వేశాను. కారణం చెప్పలేదు, చెబితే ఏడాదంతా ఎత్తిపొడుస్తాడు.

పునర్వసు కార్తె

రేవులో నా తుపాకే కబురు. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"నాంచారమ్మత్తా, తుపాకికి బొట్టు పెట్టావంట. పుస్తెలతాడు ఎప్పుడు?"

"పిల్లాణ్ణి చూడండే, కట్నం లేకుండా చేసుకుంటాడేమో అడుగుతా," అన్నాను.

అందరూ గోడ మీద ఎర్ర వెలుగు పడుతుందని ఎదురుచూశారు. పడదని చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఆ వెలుగు బయటకి పోదు, అద్దం మీద పడి వెనక్కి నా కంట్లోకే వస్తుంది. బొట్టు పెట్టినట్టు కావలిగాడికి తెలీదు, పక్కనున్న మనిషికీ తెలీదు. ఒక్కొక్కరికీ ఖాళీ పిస్తోలిచ్చి చూపించాను. చూసినవాళ్ళంతా "అబ్బ!" అన్నారు. అలా అననివాళ్ళని నేనింతవరకు చూడలేదు.

నిన్న ఐదో తూము దాటాక అసలు పరీక్ష అయింది. మబ్బులోంచి కావలిగాడు నేరుగా నా మీదకి దిగాడు. నేరుగా వచ్చేవాడు గాలిలో నిలిచినట్టే ఉంటాడు, పెరుగుతూ ఉంటాడంతే. వాడి నడిమధ్య చింతగింజంత నల్ల కన్ను. దాన్నే చూశాను. చెయ్యి దానంతటదే లేచింది. బొట్టు ఆ కంటి మీద వాలింది. ఒకే తూటా. ముక్కలు ముక్కలై చేలో పడ్డాడు. నేను కట్ట మీద నిలబడి గట్టిగా నవ్వాను, కొంగలు లేచిపోయాయి.

తిరిగొస్తుంటే పెద్ద లస్కరు వీరరాఘవులు ఎదురయ్యాడు. నేను బాబాయ్ అంటాను. డెబ్బై దాటిన మనిషి. ఆయన పిస్తోలు పట్టుకుంటే తిప్ప మీద రాయి ఎలా ఉంటుందో చెయ్యి అలా ఉంటుంది, ఇనప గురిముక్కలతో ఆయన కొట్టినట్టు ఈ సీమలో ఎవరూ కొట్టలేరు. నాకు పిస్తోలు పట్టడం నేర్పింది ఆయనే.

నా అద్దం చూసి మూతి విరిచాడు. "బొమ్మలాట."

"ఒక్కసారి చూడు బాబాయ్."

"నాకెందుకమ్మా. ఎడమ కన్ను మూసుకో, కుడి కంటితో కొట్టు. మా గురువు నాకదే చెప్పాడు, నేను నీకదే చెప్పా. రెండు కళ్ళకీ రెండు బుద్ధులు. ఒకటి మూస్తేనే గురి నిలబడేది."

ఆశ్లేష కార్తె

మెచ్చుకున్నదాన్ని తిట్టాల్సిన రోజు కూడా వస్తుంది. చల్లటి వానలో ఒరలోంచి తీయగానే అద్దానికి ఆవిరి పట్టింది. బొట్టుంది గానీ దాని వెనక లోకం లేదు. మస్తానుతో చెబితే కుంకుడు రసం అద్దానికి పల్చగా రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఆవిరి తగ్గింది. జడివానకి మాత్రం అదీ ఆగదు.

"అసలు అద్దంలోంచి ఏమీ అవుపడకపోయినా కొట్టొచ్చక్కా," అన్నాడు.

"గుడ్డిదాన్నయి కొట్టమంటావా?"

వాడు నవ్వి అద్దం ముందు వైపు నల్ల పట్టీ అతికించాడు. "ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచి ఆ సొరబుర్రని చూడు. ఒక్క కన్నూ మూయమాక."

ఎత్తాను. కుడి కంటికి నల్ల పట్టీ, దాని మీద బొట్టు. ఎడమ కంటికి సొరబుర్ర. ఒక్క క్షణం రెండూ విడివిడిగా ఉన్నాయి. తర్వాత ఏమైందో నేను చెప్పలేను. పట్టీ మాయమైంది, బొట్టు బుర్ర మీద ఉంది. రెండు కళ్ళూ చెరో సగం తెచ్చి లోపల ఎక్కడో ఒకటిగా కలిపాయి. కాల్చాను. బుర్ర ఊగింది.

నేను బల్ల మీద కూలబడ్డాను. ఇన్నేళ్ళూ ఒక కంటిని పనిలోకి పిలవకుండా ఇంట్లో కూర్చోబెట్టానన్నమాట. ఎడమ కన్ను మూయడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఆ అలవాటు వదిలించుకోవడానికి కిందామీదా పడుతున్నాను. సగం సార్లు ఇంకా మూస్తూనే ఉన్నాను.

పుబ్బ కార్తె, పరీక్ష రోజు

తప్పాను.

లస్కర్లందరూ వచ్చారు. కట్ట కింద, మోకు మీద జారుతూ వచ్చే డబ్బా మూత, దాని నడుమ నల్ల చుక్క. పద్ధతి ప్రకారం పెద్ద లస్కరు ఒక్కొక్కరి ఎడమ కంటికీ గుడ్డ కడతాడు. ముందు తన కంటికి కట్టించుకుని ఆయనే మొదలుపెట్టాడు. మూడు తూటాలూ చుక్కలోనే. అందరూ ఈలలు వేశారు, నేనూ వేశాను.

నా వంతు వచ్చేసరికి జడివాన పట్టుకుంది. గుడ్డ కట్టాడు. పిస్తోలు తీశాను. అద్దం నిండా చినుకులు, ఆవిరి. ఒంటి కంటికి బొట్టు ఒక్కటే కనిపించింది, వెనక అంతా తెలుపు. పాత గురిముక్కలు కూడా ఆ తెలుపులోనే మునిగిపోయాయి. అద్దం తుడుచుకుంటానన్నాను.

"తుడుచుకునేదాకా కావలిగాడు ఆగుతాడామ్మా?" అన్నాడు బాబాయ్. అది న్యాయమైన మాట, అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది.

"అయితే గుడ్డ విప్పు బాబాయ్. రెండు కళ్ళతో అయితే ఈ వానలోనే కొడతాను, చూడు."

"అందరికీ ఒక రూలు, నీకొక రూలా?"

మూడు తూటాలూ బురదలోకి పోయాయి. ఎవరూ నా వంక చూడలేదు. బాబాయ్ గుడ్డ విప్పుతూ, నాకొక్కదానికే వినబడేట్టు, "మనసు కష్టపెట్టుకోమాక నాంచారూ. వచ్చే కార్తెలో కొత్తోడు వస్తాడు. నీ ఆఖరి నడకకి నేనూ వస్తా, ఆ రోజు పిస్తోలు నా చేతికియ్యి," అన్నాడు. మెత్తగానే అన్నాడు. ఇంటికొచ్చి మా ఆయన ముందు ఏడ్చాను. ఆయన వేళాకోళం చెయ్యలేదు.

ఉత్తర కార్తె, ఆఖరి నడక

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నుంచీ తూర్పుగాలి. పోటు రోజూ కంటే ముందే ఎక్కుతోంది. బాబాయ్ చెప్పినట్టే వచ్చాడు. ఇద్దరం గబగబా నడుస్తూ తలుపులన్నీ దించుకుంటూ పోయాం. ఆఖరి తూము గుల్లలతిప్ప దగ్గరిది. అక్కడికి చేరేసరికి ఉప్పునీరు తూము గడప తాకింది. అవతల పొట్ట మీదున్న వరి గాలికి ఊగుతోంది.

చక్రం దగ్గరకి పరిగెత్తాను. మెట్టు మీద కాలు జారి, పిస్తోలున్న పక్కకే బురదలో పడ్డాను. లేచి చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను. బాబాయ్ కట్ట మీద కాపలా నిలబడ్డాడు.

ఎదురుగా ఒక కావలిగాడు దిగాడు. బాబాయ్ పిస్తోలు లేచింది. తొందర లేదు, తొట్రుపాటు లేదు. ఒక్క తూటా. వాడు కంట్లో దెబ్బ తిని నీళ్ళలో పడ్డాడు. ఆ తూర్పుగాలిలో, ఆ వయసులో, ఇనప గురిముక్కలతో! "శభాష్ బాబాయ్!" అని అరిచాను.

అప్పుడే ఈతచెట్ల మీంచి రెండోవాడు లేచాడు. బాబాయ్‌కి ఎడమ వైపు నుంచి, తలంత ఎత్తున, సూటిగా ఆయన మీదకే.

"ఎడమ పక్క! బాబాయ్, ఎడమ పక్క!"

గాలికి నా కేక అందలేదేమో, ఆయన ఎడమకి చూడలేదు. ఇంకా ముందుకే చూస్తున్నాడు. నేను చక్రం వదిలి పిస్తోలు లాగాను. అద్దం ముందు వైపంతా బురద, ఒర తెరిచిన చోటునుంచి లోపలికి ఎక్కింది. నా వైపు మాత్రం శుభ్రంగా ఉంది. తుడిచే వ్యవధి లేదు. ఎడమ కన్ను అలవాటుగా మూతపడబోయింది. గట్టిగా తెరిచాను. కావలిగాణ్ణి చూశాను, వాడి నల్ల కంటిని మాత్రమే చూశాను. బురద మాయమైంది. బొట్టు ఆ కంటి మీద ఉంది. కాల్చాను.

కావలిగాడు బాబాయ్ కాళ్ళ దగ్గర పడి గిర్రున తిరిగి ఆగిపోయాడు. బాబాయ్ అప్పుడు తిరిగి చూశాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు. నీళ్ళు ఆగవు కదా, నేను మళ్ళీ చక్రం పట్టుకున్నాను. తలుపు కిందకి దిగి అడుగు తాకింది. చేలోకి చెంబెడు నీళ్ళు కూడా పోలేదు.

బాబాయ్ మెట్ల మీద కూర్చుని చెయ్యి చాచాడు. నేను పిస్తోలు ఖాళీ చేసి ఇచ్చాను. ఇవ్వాల్సిన రోజే కదా. కుడి కంటి ముందుకి తెచ్చుకుని చూశాడు.

"అంతా బురదేగా. మధ్యన బొట్టొకటి. దీంతో ఎట్టా కొట్టావు?"

"ఎడమ కన్ను కూడా తెరువు బాబాయ్. తెరిచి ఆ ఈతచెట్టుని చూడు. బొట్టు చెట్టు మీద కూర్చుంటుంది."

తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"బురదే," అన్నాడు.

"చెట్టుని చూడు, అద్దాన్ని కాదు."

"చెట్టు లేదమ్మా."

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన పక్కకి వచ్చి ఎడమ కంటి ముందు చెయ్యి ఆడించాను. రెప్ప కదలలేదు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"చాలా ఏళ్ళు. మెల్లమెల్లగా పోయింది. పరీక్షలో ఎట్టాగూ ఆ కంటికే గుడ్డ కడతారు గదా. ఎవరికి తెలుస్తది?" పిస్తోలు దించాడు. "రూలు రూలని నీ మంచి కన్ను కట్టేశా నాంచారూ. నీ కన్ను విప్పితే నా కన్ను సంగతి అడుగుతారని బయం."

కోపం వచ్చింది. ఒళ్ళంతా మండింది. ఈయన భయానికి నా కట్ట పోబోయింది. ఒక మాట అనబోయి ఆయన్ని చూశాను. ఎడమ వైపు లోకమే లేని మనిషి, ఇన్ని వర్షాకాలాలు ఈ కట్ట మీద నడిచాడు. ఎటు నుంచి ఏది దిగుతుందో తెలియకుండా, ఒక్కరికీ చెప్పకుండా, రోజూ నడిచాడు. నేను రెండు కళ్ళుండి, మస్తాను లాంటి తమ్ముడుండి, ఇంత గొప్ప వస్తువు చేతిలో ఉండి ఎంత భయపడ్డానో నాకు తెలుసు. నా కోపం అక్కడే చల్లారింది.

ఆయన లేచి, నా పిస్తోలు అద్దాన్ని తన పంచె కొంగుతో తుడిచి నాకిచ్చాడు. తర్వాత తన నడుముకున్న పటకా విప్పి, పిస్తోలుతో సహా అదీ నా చేతిలో పెట్టాడు.

"ఇదేంటి బాబాయ్?"

"కన్ను చాలనోళ్ళు అప్పజెప్పాలి. నేను చదివిన రూలేగా. కొత్తోణ్ణి రావద్దని కబురు పెడతా. కట్ట నీదే. గుడ్డ కట్టే పద్ధతి కూడా ఇవాల్టితో సరి."

వద్దనలేదు. వద్దంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టవుతుంది. ఆయన పటకా నా నడుముకి రెండోదిగా చుట్టుకున్నాను. బరువుగా ఉంది.

గాలి ఇంకా తగ్గలేదు. ఇంటిదారి పట్టాం. ఆయన ఎప్పటిలాగే ముందు నడవబోయి, ఆగి, నాకు దారి వదిలాడు. నేను ముందుకి పోలేదు. కట్ట ఇరుకు, ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒకరి కాలు అంచు మీద పడుతుంది. అయినా ఆయనకి ఎడమ పక్కకి వచ్చి, అంచు మీదే, ఇంటిదాకా నడిచాను.